మామయ్య నిద్ర నేర్చుకున్న ఏడాది

మొన్న సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. నా ముందు సీట్లో ఒక పెద్దమనిషి కిటికీకి తల ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. చివ్వెంల దాటి చాలా దూరం పోయాక కండక్టర్ వచ్చి భుజం తట్టి, "ఓ పెద్దమనిషీ, చివ్వెంల టికెట్ తీసుకొని ఏడికి పోతున్నవ్? గంత మొద్దు నిద్రేంది?" అని గట్టిగా అడిగాడు. బస్సంతా నవ్వింది. ఆయన గబగబా లేచి కండువా సర్దుకొని, "జర కన్నంటింది సారు, అంతే" అని కండక్టర్‌కు ఒకసారి, నాకు ఒకసారి, ఎవరో తెలియని పక్కావిడకు ఒకసారి చెప్పి రోడ్డు మీద దిగిపోయాడు. నిద్రపోయినందుకు అంతమందికి సంజాయిషీ చెప్పుకుంటున్న ఆ ముఖం చూసేసరికి నాకు మా మామయ్య గుర్తుకొచ్చారు.

మామయ్య అంటే మా ఆయన వాళ్ల నాన్న. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపేవారు. మిల్లు ముందు గదిలో ఆయన గద్దె ఉండేది. గద్దె అంటే ఏ సింహాసనమో అనుకునేరు. ఎత్తు బల్ల మీద మందపాటి పరుపు, దాని మీద తెల్లబట్ట, ఆనుకోవడానికి రెండు బాలీసులు, అంతే. వాళ్ల నాన్న కూర్చున్న చోటది. వ్యాపారం దాని మీదే, భోజనం దాని మీదే, దీపావళికి లక్ష్మీపూజ కూడా దాని మీదే. పట్టపగలు పోయి చూస్తే మామయ్య బాలీసుకు ఒరిగి, కళ్లజోడు పెట్టుకునే నిద్రపోతుండేవారు. ఎవరైనా దగ్గితే చాలు, కళ్లు తెరవకముందే "లెక్క సూస్తున్న" అనేవారు. ఎదురుగా ఏ లెక్కా ఉండేది కాదు.

రాత్రిళ్లు మాత్రం నిద్రపోయేవారు కాదు. దానికి ఊళ్లో మంచి పేరుండేది. "సేటు రాత్రంతా మిల్లు కాస్తడు, గందుకే నిలబడ్డది" అనేవాళ్లు. కాసేదేమీ లేదు. మంచమెక్కితే బుర్రలో మోటారు ఆగదు కాబట్టి తిరిగేవారు. నిద్ర సుఖమెరుగదు అంటారు కదా, మామయ్య దాన్ని తనకు తగ్గట్టు మార్చుకున్నారు. "నిద్ర సుఖమెరుగదంటరు బిడ్డా, అది నా ఇల్లే ఎరుగదు" అనేవారు.

ఇంట్లో ఏ కిటికీలో చూసినా సగం తాగిన టీ గ్లాసు కనపడేది. ఎక్కడ ఏ పని మధ్యలో ఇంకో పని గుర్తొస్తే అక్కడ గ్లాసు ఆగిపోయేది. మాట్లాడుతూ మాట్లాడుతూ వేలెత్తి "ఒక్క నిమిషం బిడ్డా" అని వెళ్లేవారు. మళ్లీ వచ్చేది ఎప్పుడో, వస్తే ఆ మాట ఏమిటో ఆయనకు గుర్తుండేది కాదు. ఒకసారి పెళ్లికి రెండు రకాల చెప్పులు వేసుకొచ్చి, ఎవరో చూపిస్తే, "ఇంట్ల ఇంకో జత గూడ గిట్లనే ఉంటది" అన్నారు. అందరితో పాటు తనూ నవ్వారు. అందరికంటే ముందే నవ్వేయడం ఆయనకు అలవాటు.

ఎక్కడో మొదలుపెట్టి చెప్పుల దగ్గరికి వచ్చాను. ఇదీ మామయ్యకున్న జబ్బు గుణమే. ఆ జబ్బు నాకు కూడా ఉంది, అసలు కథ అక్కడే మొదలవుతుంది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి అత్తమ్మ లేరు. కాబట్టి పొద్దున లేపేవాళ్లు, తిట్టేవాళ్లు లేరు. అయినా చూసేవాళ్లు ఉంటారు కదా. మా వీధిలో ప్రతి వాకిట్లోనూ తెల్లవారేసరికి ముగ్గు ఉంటుంది. మా వాకిట్లో ఎండెక్కాక కూడా నిన్నటి ముగ్గే ఉండేది. రాత్రి ఎంత తొందరగా పడుకున్నా నిద్ర పట్టేసరికి కోడికూత వేళయ్యేది. లేచేసరికి పాలవాడు, పేపరువాడు, కూరగాయలావిడ అందరూ వచ్చి పోయి ఉండేవాళ్లు. ఎదురింటావిడ నవ్వుతూ, "షావుకారి కోడలు గద, పండుకుంటే అడిగేటోళ్లెవరు?" అనేది. నేనూ నవ్వేదాన్ని. లోపలికొచ్చి ఏడ్చేదాన్ని.

ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆ బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లలను ప్రేయర్ అయ్యేదాకా గేటు బయట నిలబెడతారు. వారంలో సగం రోజులు ఆ పిల్లల వెనకాల నేనూ నిలబడేదాన్ని. ఒక పాప తన సంచి పక్కకు జరిపి నాకు నీడలో చోటిచ్చేది. అంతకంటే తలవంపులు ఏముంటాయి? చివరికి ప్రిన్సిపల్ మేడమ్ పిలిచి, కోపంగా కూడా కాదు, మెల్లగా, "ఈ ఏడు చూస్తా. ఇట్లనే ఉంటే వచ్చే ఏడుకు వేరే బడి చూసుకోండి" అన్నారు. ఆ ఉద్యోగం పోతే, ఊరు నన్ను ఏమనుకుంటోందో అది నిజమని నేనే సంతకం పెట్టినట్టు. నాకు ఆ ఉద్యోగం కావాలి.

తోటి టీచర్ ఒకావిడ చెబితే సూర్యాపేటలో ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. మందుల షాపు పైన గది, చిన్న వయసు అమ్మాయి. నా చిన్నతనం నుంచీ అన్నీ ఓపికగా అడిగి, తనకు తెలిసిన పెద్ద డాక్టరుకు కూడా చూపించి, ధ్యాస ఒకచోట నిలవని ఈ తీరును ఏడీహెచ్‌డీ అంటారని చెప్పింది. ఇది ఉన్నవాళ్లలో చాలామందికి నిద్ర వేళ వెనక్కి జరుగుతుందట. ముందు మాత్రలు కాదు, అలవాట్లు మార్చి చూద్దామంది. కొన్నాళ్లు వస్తూ ఉండాలి, ఇంట్లోవాళ్లు ఒకరు తోడు రావాలి.

మా ఆయన మంచివారే. కానీ "మెంటల్ డాక్టర్ దగ్గరికి నేనొచ్చి కూసుంటే సూర్యాపేటల మన బేరగాళ్లు సూడరా?" అన్నారు. తలుపు చాటున టీ గ్లాసుతో నిలబడ్డ మామయ్య, "నేనొస్త పా బిడ్డా. సూర్యాపేటల నాకు జర పనున్నది" అన్నారు. ఆయనకు అక్కడ ఏ పనీ లేదని నాకు తెలుసు. మామగారిని వెంటేసుకొని నిద్ర గురించి చెప్పుకోవడానికి పోతున్నానని బస్సులో నాకు సిగ్గుతో ఒళ్లు కుంచించుకుపోయింది.

ఆ గదిలో ఆ అమ్మాయి నన్ను అడుగుతోంది. "పడుకోగానే ఆలోచనలు పరిగెత్తుతాయా? మొదలుపెట్టిన పని వదిలేసి ఇంకోటి పట్టుకుంటారా? పొద్దున ఎవరైనా లేపితే కోపమొస్తుందా, సిగ్గేస్తుందా?" నేను నోరు తెరిచే లోపల పక్క కుర్చీలోంచి "ఔనమ్మా" అని వినపడింది. చూస్తే మామయ్య. "ఔను, మా కోడలికి గట్లనే" అని సర్దుకున్నారు. తర్వాతి ప్రశ్నకు మాట బయటికి రాలేదు గానీ పెదాలు మాత్రం కదిలాయి. ఆ అమ్మాయి చూసింది.

ఆమె చెప్పినవి వినడానికి చాలా తేలిక. రాత్రి ఎట్లా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. సెలవైనా, పండగైనా అదే వేళ. లేవగానే ఎండలో నిలబడాలి. నిద్ర ముంచుకొచ్చేదాకా మంచమెక్కకూడదు. మంచం మీద నిద్ర తప్ప ఫోను, తిండి, లెక్కలు ఏవీ ఉండకూడదు. పడుకున్నాక నిద్ర రాకపోతే దొర్లకుండా లేచి, వేరే చోట, తక్కువ వెలుతురులో ఏ ఆసక్తీ లేని పని చేసుకోవాలి. "మీలాంటివాళ్లకు ఒంటరిగా ఇవి నిలబడవు. ఇంట్లో మీతో పాటు ఎవరైనా చేస్తే మంచిది" అంది.

"నేను చేస్త" అన్నారు మామయ్య. "జోడెద్దు లేకుంటే ఒంటెద్దు ఏడ నడుస్తదమ్మా?"

తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూసి, ఉన్నట్టుండి, "ఆ డాక్టరమ్మ అడిగినవి అందరినీ అడుగుతదా బిడ్డా, నిన్నేనా?" అన్నారు.

"అందరినీ అడుగుతారు మామయ్యా."

"అట్లనా" అన్నారు. కొంచెం నిరాశ పడ్డట్టు అనిపించింది. తనకు ఉన్నదానికి ఒక పేరు ఉందని ఆ మనిషి ఆ రోజే మొదటిసారి విన్నాడని నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాటి నుంచి మా ఇంట్లో ముందు లేచినవాళ్లు రెండోవాళ్ల తలుపు కొట్టాలని ఒప్పందం. ముందు లేచేది ఎప్పుడూ ఆయనే. వేలి ఉంగరంతో తలుపు మీద టకటకమని కొట్టి, "లే బిడ్డా, సూర్యుడు మనకోసం ఆగడు" అనేవారు. ఇద్దరం పోయి మిల్లు వెనకాల వడ్లు ఎండబోసే గచ్చు మీద నిలబడేవాళ్లం. నేను నిద్రకళ్లతో కూలబడేదాన్ని. ఆయన ముఖం పైకెత్తి, కళ్లు మూసుకొని, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడేవారు. హమాలీలు మమ్మల్ని చూసి చూడనట్టు పోయేవాళ్లు.

నిద్ర రాని రాత్రులకు ఆసక్తి లేని పని కూడా ఆయనే వెతికారు. హాల్లో బల్ల మీద రెండు చాటల్లో బియ్యం, రాళ్లు ఏరాలి. "మిల్లు నడిపేటోడికి రాళ్లు ఏరుడు కంటే రోత పని ఇంకోటి ఉంటదా?" అన్నారు. మొదటి వారమే తెల్లారి మిల్లులో మామయ్య కేకలు. "మన బియ్యంల ఇన్ని రాళ్లేందిరా? ఊరికి గివేనా తినవెట్టేది?" ఆ ఏడాది మా బియ్యానికి మంచి పేరొచ్చింది, కారణం మా ఇద్దరికే తెలుసు.

ఇట్లా పట్టాలెక్కుతుండగా ఆయన ఒక పని చేశారు. సూర్యాపేటలో ఒకరోజు, "అమ్మా, పరుపు మీద నిద్ర తప్ప ఏం చెయ్యొద్దంటివి. మరి నా దుకాణమే పరుపు మీద గద?" అని అడిగారు. ఆ అమ్మాయి నవ్వి, అది ఇంట్లో మంచం గురించి చెప్పిన మాట అంది. "నేను నిద్రపోయేది గాడనే గదమ్మా" అన్నారు మామయ్య, తల వంచుకొని. ఆ అమ్మాయి నవ్వు ఆపింది. "పగటి నిద్ర అక్కడ అయితే, అక్కడ కూర్చోకండి" అంది. అంతే. మర్నాడు పరుపు, బాలీసులు అటకెక్కాయి. గద్దె ఉన్నచోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, బడిపిల్లాడిలా నిటారుగా కూర్చున్నారు.

వ్యాపారస్తుల ఇళ్లల్లో గద్దె తీయడమంటే చిన్న సంగతి కాదు. అది మా ఇద్దరి బుర్రలకూ తట్టలేదు. తండ్రి బతికుండగా గద్దె లేచిందంటే కొడుకు తండ్రిని పక్కకు నెట్టాడని అర్థం. వారం తిరగకముందే ఊళ్లో ఒకటే మాట: "కోడలు మామను గద్దె దించింది." పగలంతా పండుకునే కోడలు, ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాపలా పెట్టిందట. త్రిపురారం నుంచి వడ్లు తెచ్చే రైతు ఒకాయన గుమ్మంలో ఆగి, నాకు వినపడేటట్టే, "సేటూ, మాకు మీరే సేటు. ఎవరేం జేసినా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. స్టాఫ్ రూములో నేను రాగానే మాటలు ఆగేవి.

నేను అప్పటికి రోజూ ఆరింటికి లేస్తున్నాను. గేటు బయట నిలబడి చాలా రోజులైంది. ఆ మాట చెప్పుకోవాలన్నా జబ్బు పేరు చెప్పాలి. మామయ్యకేమో నా కంటే సిగ్గు. ఆయన నోరు విప్పితే "రాత్రంతా మిల్లు కాసే సేటు" అన్న పేరు పోతుంది. మా ఆయన, "బాపూ, ఆ పరుపు మళ్ల ఎయ్యి, దండం పెడత" అన్నారు. మామయ్య "ఒక్క నిమిషం" అని వేలెత్తి బయటికి పోయారు. ఒకే ఇంట్లో, ఒకే గచ్చు మీద పొద్దున్నే నిలబడుతూ, ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా చాలా రోజులు గడిపాం.

దీపావళి వచ్చింది. పూజకు కోదాడ నుంచి మామయ్య వాళ్లక్క వచ్చారు. నాకు పెద్దమ్మ వరస. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. వస్తే ఇంటిల్లిపాదికీ అరిసెలు తెస్తుంది. సాయంత్రం మిల్లు ముందు గదిలో అడుగుపెట్టి చూసి, "గద్దె ఏదిరా?" అంది. "లక్ష్మీదేవిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతావా? సిగ్గు లేదట్రా?" తర్వాత నా వైపు తిరిగింది. "ఏమ్మాయ్, ఎండెక్కేదాకా పడుకుంటావని విన్నాను, పోనీలే అనుకున్నాను. మా నాన్న గద్దె నీకేం అడ్డమొచ్చింది?"

బంధువులు, గుమాస్తా, హమాలీలు అందరూ ఉన్నారు. ప్రసాదం పళ్లెం నా చేతుల్లోనే ఉంది. నేల చూస్తూ నిలబడ్డాను.

"కోడలు దించలేదక్కా. నేనే దిగిన" అన్నారు మామయ్య.

"ఎందుకు?"

"నిద్ర కోసం."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి మామయ్య వాళ్ల కంటే ముందు నవ్వలేదు, వాళ్లతో కలిసీ నవ్వలేదు. "నాకు రాత్రి నిద్ర రాదు. పగలు ఆగదు. ఇన్నేండ్లు మిల్లు కాసిన్నని మీరంటిరి, నేను ఔనంటి. నేనేం కాయలే. దాన్కి ఒక వైద్యమున్నది. సూర్యాపేట పోతున్న. ఆ పరుపెక్కితే మళ్ల మొదటికొస్తది" అన్నారు. తన గురించే చెప్పారు. నా పేరు ఎత్తలేదు. కోడలికి జబ్బని ఒక్క మాట అని ఉంటే సగం సిగ్గు నా మీదికి జరిగేది.

పెద్దమ్మ తమ్ముడి దగ్గరికి నడిచింది. వేరే గొంతుతో, "ఒరే తమ్ముడూ, నాన్న చెబితే పొద్దున్నే నీ మీద చెంబుతో నీళ్లు పోసేదాన్ని కదరా నేను. చలికాలం కూడా పోశాను. సోమరిపోతా అని తిడుతూ పోశాను" అంది.

"నువ్వు పోసినవ్ గాబట్టే లేచిన. లేకుంటే ఇంకా పండుకునే ఉందు" అని మామయ్య అక్కను నవ్వించబోయారు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు ఆయన మెల్లగా, "నీ తప్పేం లేదక్కా. ముసలోన్నయ్యేదాక నేను గూడ సోమరినే అనుకున్న" అన్నారు.

ఆ ఏడు లక్ష్మీదేవి ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుంది. పెద్దమ్మే తన పట్టుచీర మడిచి కింద పరిచింది. నేను ఒక్క మాటా అనలేదు. ఆయన నన్ను కప్పిన ఆ నిమిషంలో నేను హాయిగా దాక్కున్నాను.

ఆ తర్వాత మామయ్య నిజంగానే నిద్రపోవడం నేర్చుకున్నారు. చాటల్లో బియ్యం చాలా రాత్రులు ముట్టకుండానే ఉండేవి. పగలు కుర్చీలో కూర్చొని కునుకు తీయకుండా బేరాలు చేసేవారు. టీ గ్లాసులు మాత్రం కిటికీల్లో అట్లాగే ఉండేవి. దానికి వైద్యం అడగలేదు. బడిలో ప్రిన్సిపల్ మేడమ్ వచ్చే ఏడుకు కూడా నా పేరు ఉంచారు. చెబితే మామయ్య సంబరపడి, "జోడెద్దులు దున్నినయి" అన్నారు.

ఎండాకాలంలో ఒక పొద్దున నా అంతట నేనే లేచాను. తలుపు మీద ఉంగరం చప్పుడు లేదు. గడియారం చూస్తే సరిగ్గా లేవాల్సిన వేళ. ఎవరూ లేపకుండా లేచాను! ఆ గర్వంతో మామయ్య గది దగ్గరికి వెళ్లి తలుపు కొట్టబోయాను. తలుపు ఓరగా తీసి ఉంది. ఆయన ఒక పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకొని పడుకొని ఉన్నారు. ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో! ఎత్తిన చెయ్యి దించేశాను. పుట్టినప్పటి నుంచీ నీళ్లు పోసి లేపారు, తిట్టి లేపారు, దగ్గి లేపారు. ఒక్క రోజు పడుకోనీ అనుకున్నాను. ఒప్పందం తప్పుతున్నానని తెలుసు. సెలవైనా పండగైనా అదే వేళ అని ఆ అమ్మాయి చెప్పింది తెలుసు.

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాను. టీ తెచ్చిన పనమ్మాయిని వెనక్కి పంపాను. మేస్త్రీతో, "ఇంకాసేపు మిల్లు వెయ్యకండి, మామయ్య నిద్రపోతున్నారు" అన్నాను. మా ఆయన ఫోనులో గట్టిగా మాట్లాడుతుంటే నోటికి వేలు అడ్డం పెట్టి సైగ చేశాను. కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతోందని మళ్లీ లోపలికి పోయి పరదా లాగి వచ్చాను. అంత దగ్గరికి పోయి కూడా నాకు తెలియలేదు. ఆ గడప దగ్గర పీట వేసుకొని కాపలా కూర్చున్నాను. ఎండెక్కాక, "బాపు గింతసేపు పండుకోడు" అని మా ఆయనే నన్ను దాటుకొని లోపలికి వెళ్లారు.

డాక్టరు చూసి, రాత్రే ఎప్పుడో గుండె ఆగిందని, లేపినా చేసేదేమీ లేకపోయేదని చెప్పారు. వచ్చినవాళ్లందరూ నిద్రలో పోయాడు, అదృష్టవంతుడు అన్నారు. పదకొండో రోజు పనులయ్యాక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, "పొద్దున ముందు చూసింది ఎవరమ్మా?" అని అడిగింది. అంతా చెప్పాను. లేపలేదని, మిల్లు ఆపించానని, పరదా వేశానని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది. "మా వాణ్ణి పడుకోనిచ్చింది నువ్వొక్కదానివేనే అమ్మాయ్" అంది.

ఆ మాటకు నాకు ఇంకా సిగ్గేసింది. ఆవిడకు ఒక్కటి మాత్రం చెప్పలేకపోయాను. లోపల ఆయన లేరు, బయట ఆ పీట మీద కూర్చున్నంతసేపూ నేను చాలా సంతోషంగా ఉన్నాను.